నిద్ర పట్టనివాళ్లకు పెన్నేరు గడ్డ పాలు

రాత్రంతా పక్క మీద పొర్లాడేవాళ్లు పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, వాడి చూడండి. మన అనంతపురం, కర్నూలు చేలల్లో పండేదే. పొడి డబ్బా కంటే అంగట్లో ఎండు వేర్లు కొనుక్కోవడం మేలంటాను. విరిస్తే పటుక్కుమనాలి, లోపల తెల్లగా ఉండాలి. దంచి జల్లించి, అర టీస్పూను పొడి గ్లాసు పాలల్లో సన్నమంట మీద మరిగించండి. చేదనిపిస్తే బెల్లం దింపాకే వేయండి, లేకుంటే పాలు విరుగుతాయి. పడుకునే ముందు తాగాలి. ఒక్క రాత్రికే గుణం కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. గర్భిణులు దీని జోలికి పోవద్దు. థైరాయిడ్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు మింగేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. సాయంత్రం టీలు మానకుండా ఇది తాగితే మాత్రం దండగే!