సర్వీసింగ్ తర్వాత ఇంజిన్ దెబ్బతింటే డీలరును జవాబు అడగవలసిన పద్ధతి

మామూలు సర్వీసింగ్ చేయించి తెచ్చుకున్న కారు కొద్ది రోజులకే ఇంజిన్ పట్టేసి ఆగిపోయినప్పుడు, తప్పు ఎవరిదో చెప్పగల ఆధారాలన్నీ ఆ కారులోనే ఉంటాయి. ఆ కారేమో సాధారణంగా తిరిగి అదే వర్క్‌షాపుకు చేరుతుంది. అక్కడ ఇంజిన్ విప్పి, ఆయిల్ పారబోసి, పాత ఫిల్టరును చెత్తలో వేసిన తర్వాత ఇరుపక్షాల మాటలు తప్ప ఏమీ మిగలవు. అందుచేత ఇటువంటి వివాదంలో గెలుపోటములు చాలావరకు ఇంజిన్ విప్పకముందే నిర్ణయమవుతాయి.

ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగినా, ఉష్ణోగ్రత ముల్లు పైకి పోయినా వెంటనే సురక్షితమైన చోట బండి నిలిపి ఇంజిన్ ఆపివేయాలి. ‘దీపం వెలిగాక కూడా నడిపారు కాబట్టి నష్టానికి మీరే బాధ్యులు’ అన్నది డీలర్లు తరచుగా వినిపించే వాదన, అందులో కొంత బలం కూడా ఉంది. ఆపిన తర్వాత మళ్లీ స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రుతను అణచుకోవాలి. బండి ఎక్కడ ఆగిందో, ఎంత సమయానికి ఆగిందో, ఓడోమీటరు ఎంత చూపుతోందో, డ్యాష్‌బోర్డుపై ఏ దీపాలు వెలిగాయో ఫొటోలు తీయాలి. బండి కింద నేలపై ఆయిల్ మరక ఉంటే దానిని, ఇంజిన్ అడుగున పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టును, ఫిల్టరు చుట్టుపక్కల తడిని, డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టాన్ని కోత లేని వీడియోగా తీస్తే ఇంకా మంచిది. కారును నడిపించి గాని, మరో బండికి తాడు కట్టి లాగించి గాని తీసుకువెళ్లకుండా, టోయింగ్ వాహనంపైకి ఎక్కించి తరలించాలి.

‘సర్వీసింగ్ తర్వాత చెడిపోయింది’ అన్నంత మాత్రాన ‘సర్వీసింగ్ వల్ల చెడిపోయింది’ అని రుజువు కాదు. సర్వీసింగ్‌లో మెకానిక్ చేతులు పెట్టిన భాగానికీ, ఇప్పుడు దెబ్బతిన్న భాగానికీ మధ్య దారి చూపించాలి. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండగా కొత్త ఫిల్టరును దాని మీదనే బిగిస్తే, ఒత్తిడికి ఆ జోడు రింగులు తట్టుకోలేక ఆయిల్ అతి వేగంగా బయటకు పోతుంది. డ్రెయిన్ బోల్టును వదులుగా వదిలివేసినా, అతిగా బిగించి దాని మరచుట్లు పాడుచేసినా ఫలితం అదే. ఆయిల్ తక్కువైతే బేరింగులు ఎండిపోయి, ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌కు పట్టేస్తాయి. మట్టం మరీ మించితే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, నురుగు బేరింగులను కాపాడలేదు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ మార్చిన తర్వాత లోపల గాలి చిక్కుకుపోతే ఇంజిన్ వేడెక్కి, సిలిండర్ల పైమూత అయిన అల్యూమినియం హెడ్ వంకర పోవచ్చు, దాని కింది సీలు అయిన హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత సరిగా కూర్చోకపోతే దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది, కాని ఆ అరుగుదల కనిపించడానికి చాలా దూరమే నడవాలి. ఇందుకు భిన్నంగా, ఆ సర్వీసింగ్‌లో ముట్టుకోని భాగమేదైనా వేల కిలోమీటర్ల తర్వాత విరిగితే, సర్వీసింగే కారణమని నిలబెట్టడం చాలా కష్టం. ఆ సంగతిని యజమాని తనకు తాను నిజాయతీగా ఒప్పుకోవడం అనవసరపు పోరాటాన్ని తప్పిస్తుంది.

ఇక కాగితాల సంగతి. బండి అప్పగించినప్పుడు చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డు, తుది బిల్లు, సర్వీసింగ్ చెక్‌లిస్టు సంపాదించి మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. బిల్లులో రాసిన ఆయిల్ గ్రేడు, పరిమాణం యజమాని పుస్తకంలో చెప్పినవాటితో సరిపోతున్నాయా, ఫిల్టరుతో పాటు డ్రెయిన్ వాషరు కూడా బిల్లులో ఉందా అన్నవి చూడాలి. పుస్తకం 0డబ్ల్యూ-20 అనే పలుచని ఆయిల్ అడిగితే బిల్లులో చిక్కనిదైన 20డబ్ల్యూ-50 ఉండటం ప్రశ్నించదగ్గ విషయమే, అయితే ఒక్క గ్రేడు తేడా వల్లనే ఇంజిన్ కొద్ది రోజుల్లో పట్టేసిందని వాదించడం సాధారణంగా నిలవదు. పాత సర్వీసింగ్ రికార్డులు క్రమంగా ఉంటే అవి కూడా జతచేయాలి, ఎందుకంటే అవతలివారు మొదట వెతికేది యజమాని నిర్లక్ష్యాన్నే.

వర్క్‌షాపు స్కానరు పెట్టకముందే, కారు కంప్యూటరులో నమోదైన ఎర్రర్ కోడ్‌లను (లోపాన్ని సూచించే సంకేతాలను) చెరపవద్దని రాతపూర్వకంగా కోరాలి. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత వంటి వివరాలను కంప్యూటరు భద్రపరుస్తుంది, కోడ్ చెరిపితే అవి కూడా పోతాయి. ఆయిల్ ప్రెషర్ మరీ పడిపోయినప్పుడు వచ్చే పీ0524, కూలెంట్ అతిగా వేడెక్కినప్పుడు వచ్చే పీ0217 వంటివి కనిపిస్తే ఆ తెరను ఫొటో తీసి, ప్రింటు కూడా అడగాలి. ఆయిల్ తీసేటప్పుడు శుభ్రమైన సీసాల్లో రెండు నమూనాలు పట్టించి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు చేసి, ఒకటి యజమాని దగ్గర ఉంచుకోవాలి. ప్రయోగశాల పరీక్షలో సీసం, రాగి ఎక్కువగా ఉంటే బేరింగుల వైపు, సిలికాన్ ఎక్కువగా ఉంటే దుమ్ము వైపు అనుమానం మళ్లుతుంది. ఫిల్టరును, తీసిన భాగాలను పారేయకుండా అప్పగించాలని అదే లేఖలో చేర్చాలి.

ఇంజిన్ విప్పడానికి అనుమతి ఇచ్చే కాగితంపై తొందరపడి సంతకం చేయకూడదు. ‘పరీక్ష నిమిత్తం మాత్రమే విప్పడానికి అంగీకరిస్తున్నాను, మరమ్మతు ఖర్చుకు గాని, కారణానికి గాని బాధ్యత ఒప్పుకోవడం లేదు’ అని స్వయంగా రాసి సంతకం చేయాలి. డీలరుతో సంబంధం లేని ఆటోమొబైల్ ఇంజినీరును గాని, సర్వేయరును గాని నియమించుకుని, ఆయన సమక్షంలోనే విప్పాలని తేదీ అడగాలి. దీనికయ్యే ఖర్చు చూసి చాలామంది వెనుకాడతారు. నా దృష్టిలో మాత్రం ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు ఇదే, ఎందుకంటే యజమాని ఎంత వివరంగా చెప్పినా అది ఆరోపణగానే మిగులుతుంది, నిపుణుడి నివేదిక సాక్ష్యంగా చెల్లుతుంది.

‘కంపెనీ వారంటీ తిరస్కరించింది, ఇక మేము చేయగలిగింది లేదు’ అన్న జవాబుతో అనేకమంది నిరాశపడి వెనుదిరుగుతారు. తయారీ లోపాలకు తయారీదారు ఇచ్చే హామీ వారంటీ. సర్వీసింగ్ పనిలో జరిగిన అజాగ్రత్తకు ఆ పని చేసి డబ్బు తీసుకున్న డీలరు విడిగా జవాబు చెప్పాలి. పైగా, తయారీ లోపం లేదని కంపెనీ తేల్చిందంటే, కారణం మరెక్కడో ఉందన్న యజమాని వాదనకు అది కొంత ఊతమే. అందుకని తిరస్కరణను నోటిమాటగా వదలకుండా, కారణాలతో సహా లేఖగా తీసుకోవాలి. బీమా సంస్థకు కూడా వెంటనే తెలియజేయాలి. ఇంజిన్ నష్టం పాలసీలో ఉన్నదీ లేనిదీ షరతులు చదివి తెలుసుకోవాలి.

ఫిర్యాదు లేఖలో కోపం కన్నా క్రమం ముఖ్యం. సర్వీసింగ్ తేదీ, అప్పటి కిలోమీటర్లు, చేసిన పనులు, బండి ఆగిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, నిపుణుడు చూసిన విషయాలు, కోరుతున్న పరిహారం, జవాబుకు గడువు ఈ వరుసలో రాసి, మొదట వర్క్‌షాపు మేనేజరుకు, తర్వాత డీలర్‌షిప్ యజమానికి, ఆపై తయారీదారు కస్టమర్ విభాగానికి అందినట్టు రుజువు ఉండేలా పంపాలి. ఫోనులో మాట్లాడుకున్న ప్రతి విషయాన్నీ అదే రోజు ఈమెయిలులో తిరిగి రాయాలి. గడువు దాటితే న్యాయవాది ద్వారా నోటీసు, ఆ తర్వాత వినియోగదారుల న్యాయస్థానం ఉన్నాయి. దావాకు కాలపరిమితి ఉంటుంది కనుక, రాజీ సంభాషణలు సాగుతున్నాయన్న ధీమాతో ఆ తేదీని దాటిపోనివ్వకూడదు.

రాజీ కుదిరితే ఏ భాగాలు కొత్తవి వేస్తారో, పూర్తి ఇంజిన్ మారుస్తారో లేక పాతదాన్నే సరిచేస్తారో, ఆ పనికి ఎన్ని నెలల, ఎన్ని కిలోమీటర్ల హామీ ఇస్తారో, టోయింగ్ ఖర్చు, బండి లేని రోజుల ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో ఒప్పందంలో ఉండాలి. ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రాల్లో మార్పు చేయించే బాధ్యత కూడా వారిదేనని రాయించుకోవాలి. ఇక ఏ క్లెయిమూ లేదన్న పత్రంపై సంతకాన్ని మాత్రం కారు చేతికొచ్చి, కొంత దూరం నడిచి, ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం నిలకడగా ఉన్నాయని చూసుకున్న తర్వాతే పెట్టాలి.