ఒడిశా సరిహద్దు ఊళ్లకు కొత్తగా వచ్చిన తెలుగువారికి: ఓటు మార్చుకోవడం, అభ్యర్థిని తెలుసుకోవడం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం బజార్లలో తెలుగుతోనే రోజు గడిచిపోతుంది. అందుకే రాష్ట్రం మారిందన్న సంగతి చాలామందికి ఎన్నికలొచ్చేదాకా పట్టదు. ఇంట్లో టీవీ ఆంధ్రా వార్తలే చెబుతుంది. అమరావతిలో ఎవరు ఎవరిని ఏమన్నారో తెలుస్తుంది గానీ మన వార్డులో నిలబడిందెవరో తెలియదు. ఓటుతోపాటు వార్తలనూ ఇక్కడికి మార్చుకోవాలి.

పాత ఊళ్లో ఓటు ఉన్నవాళ్లు పెట్టాల్సింది ఫారం 8. ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్లది. తెలియక అది నింపితే శ్రీకాకుళంలో ఒక పేరు, ఇక్కడ ఒక పేరు మిగిలిపోతాయి. రెండుచోట్ల పేరుండటం చట్టవిరుద్ధం, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు. చిరునామాకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రిజిస్టరైన అద్దె ఒప్పందం లాంటివి చెల్లుతాయి. కరెంటు బిల్లయితే ఆ చిరునామాకు కనీసం ఏడాదిది కావాలి, కొత్తగా దిగిన అద్దెదారులకు చిక్కొచ్చేది ఇక్కడే. నామినేషన్ల గడువు దాటాక ఆ ఎన్నికకు పేరు చేర్చరు. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేనట్టే. సందేహముంటే 1950కి ఫోన్ చేయండి.

పర్లాకిమిడిలో ఉండేవారి లోక్‌సభ స్థానం బరంపురం. రాయగడ, గుణుపురం వాళ్లది కోరాపుట్, అది ఎస్టీ రిజర్వుడు. 2024లో ఈ రెండుచోట్లా, ఆంధ్రలోనూ పోలింగ్ ఒకేరోజు, మే 13న జరిగింది.

పంచాయతీ ఎన్నికల్లో పల్లె ఓటరుకు నాలుగు ఓట్లుంటాయి: వార్డు మెంబరు, సర్పంచి, పంచాయతీ సమితి (బ్లాకు స్థాయి) సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు. పార్టీ గుర్తు ఉండేది జిల్లా పరిషత్‌కు ఒక్కదానికే. మిగతా మూడింటికీ పార్టీని చూసి వేద్దామంటే కుదరదు, మనిషి గురించి వాకబు చేయాల్సిందే. ఫిబ్రవరిలో ఊరి ఓటర్లంతా కూడే పల్లిసభకు వెళ్లి కూర్చోండి. ఏ పని అడిగారు, ఏది ఆగిపోయింది, ఎందుకు ఆగింది అన్నది అక్కడ తెలిసినంతగా ప్రచారసభలో తెలియదు.

శాసనసభ, లోక్‌సభ అభ్యర్థులైతే ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటుంది, ఎవరైనా దించుకోవచ్చు. మొదట కేసుల భాగం చూడండి. ఎన్ని కేసులని లెక్కపెట్టి వదిలేయకుండా సెక్షన్లు చదవండి. ధర్నా చేసినందుకు పెట్టిన కేసు, దాడి కేసు ఒకటి కావు. తర్వాత ఐదేళ్ల ఆదాయం, భార్య లేదా భర్త పేరున ఆస్తి, అప్పులు. పాత అభ్యర్థి అయితే గత ఎన్నికల అఫిడవిట్ పక్కన పెట్టుకుని చూడండి. అప్పటి భూమి ఇప్పుడు కనబడకపోయినా, కొత్తది చేరినా సభలో నిలబెట్టి అడగొచ్చు.

ఇక వార్తలు. వంశధార మీద ఆంధ్ర కట్టదలచిన నేరడి బ్యారేజీ గురించి తెలుగు పేపరు ఆంధ్ర రైతు వైపు నుంచి రాస్తుంది, ఒడియా పేపరు గజపతి జిల్లాలో పోయే భూమి గురించి రాస్తుంది. 2017లో వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ బ్యారేజీకి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మీరు ఒడ్డుకు ఇవతల ఉన్నారు కాబట్టి రెండూ చదవాలి. ఒడియా రాకపోతే పక్కింటివారిని అడిగి రోజుకొక వార్త చదివించుకోండి. ఓటరు జాబితాలు, నోటీసులు ఎక్కువగా ఆ లిపిలోనే వస్తాయి, కనీసం మీ పేరు, అభ్యర్థుల పేర్లు గుర్తుపట్టేంత నేర్చుకోండి.