రికవరీ బాయిలర్ ట్యూబులు ఎక్కడ అరుగుతున్నాయో పట్టుకోవడం ఎలా

కాగితం మిల్లులో గుజ్జు వండగా మిగిలిన నల్ల ద్రవాన్ని కాల్చే రికవరీ బాయిలర్ ఫర్నేస్ అడుగున స్మెల్ట్, అంటే కరిగిన సోడియం లవణాలు, ఉంటుంది. నీళ్లు పారే ట్యూబుకి చిల్లుపడి స్మెల్ట్ మీద నీళ్లు పడ్డాయంటే పేలుడే. అందుకే ఏడాదికోసారి బాయిలర్ ఆపే షట్‌డౌన్‌లో ట్యూబుల మందం కొలిచే పనిని మొక్కుబడిగా కానివ్వొద్దు.

ముందు వాటర్ వాష్, అంటే లోపల పేరుకున్న బూడిదను నీళ్లతో కడగడం. బెడ్ (అడుగున మిగిలిన కుప్ప), అడుగు ట్యూబులు బాగా చల్లారకముందే తొందరపడి నీళ్లు కొట్టకండి, ఎందుకంటే తడిసిన సోడియం సల్ఫైడ్ వేడిగా ఉన్నప్పుడు ట్యూబుల పైనున్న స్టెయిన్‌లెస్ పొరలో పగుళ్లు తెస్తుంది. కడిగాక బూడిదను తడిగా వదిలేయకండి, అది కూడా ఇనుమును తింటుంది.

కొలతకి ప్రతి ఏడాదీ అవే పాయింట్లు: ట్యూబు నంబరు, ఎత్తు రాసిపెట్టుకోండి. ప్రైమరీ ఎయిర్ పోర్టుల (ఫర్నేస్ కింది భాగంలో గాలి వెళ్లే రంధ్రాల) చుట్టూ వంచిన ట్యూబులు, స్మెల్ట్ బయటికి కారే స్పౌట్ పక్కన, ఆవిరిని ఇంకా వేడిచేసే సూపర్‌హీటర్ కింది వంపులు, ఇవైతే అందరూ చూస్తారు. అందరూ వదిలేసేది మడ్ డ్రమ్ (కింది నీళ్ల డ్రమ్) దగ్గర. జనరేటింగ్ బ్యాంక్ (నీళ్లు ఆవిరయ్యే ట్యూబుల వరుసల) ట్యూబు డ్రమ్‌లోకి దిగే చోట, డ్రమ్ పైన రెండు మూడు అంగుళాల లోపే, అరుగుదల సన్నని పట్టీలా ఉంటుంది, కాస్త పైన కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ట్యూబుల మధ్య బయటి నుంచి చెయ్యి దూరదు కాబట్టి డ్రమ్‌లోకి దిగి లోపలి నుంచి ప్రోబ్ (గేజ్ కొలిచే మొన) పంపాల్సిందే. విసుగు పనే, కానీ తప్పదు.

స్టెయిన్‌లెస్ పొర పోయిందో లేదో అనుమానమొస్తే గోకి శుభ్రం చేసి కాపర్ సల్ఫేట్ ద్రావణం పూయండి. కింది కార్బన్ స్టీల్ బయటపడితే అక్కడ రాగి రంగు తేలుతుంది.

ఇక లెక్క. ఒక ట్యూబు పోయినేడు 5.2 మి.మీ., ఈసారి 4.6, కనీసం ఉండాల్సింది 4.0 అనుకుందాం. ఏడాదికి 0.6 పోతోంది, అంటే వచ్చే షట్‌డౌన్‌కి సరిగ్గా అంచున ఉంటుంది. ఇప్పుడే మార్చేయండి. పక్క ట్యూబులతో కలిపి సగటు తీస్తే ఇలాంటిది కనపడకుండా పోతుంది. పోయినేటి కంటే మందం పెరిగినట్టు వస్తే సంతోషించకండి, ఇనుము పెరగదు. గేజ్ క్యాలిబ్రేషన్ చూసి, పాయింటు అదేనా అని సరిచూసి మళ్లీ కొలవండి.

టైమ్ లేక ప్యాడ్ వెల్డ్ (అరిగిన చోట పైన వెల్డింగ్ లోహంతో పూడ్చడం) వేశారనుకోండి, అది తాత్కాలికమే. ఆ ట్యూబు నంబరుని వచ్చే షట్‌డౌన్‌లో మార్చాల్సిన వాటి జాబితాలో ఆ రోజే ఎక్కించండి.