బురదలోంచి లాగించాక బండిలో తేడా వచ్చిందా? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ప్లాటు చూడటానికి వెళ్లి నల్లరేగడిలో దిగబడిన కారయినా, వానాకాలం టోలిచౌకి గల్లీలో నీళ్ల మధ్య ఆగిపోయిన కారయినా బయటికి వచ్చే తీరు ఒక్కటే. ట్రాక్టరో జేసీబీయో వస్తుంది. కింద చేతికి అందిన చోట గొలుసు తగిలిస్తారు, ఒక్క గుంజు గుంజుతారు. స్టార్టయింది కదా అని ఇంటికి వచ్చేస్తాం. అసలు తేడా మర్నాడు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి 80 దాటాక బయటపడుతుంది.

చాలామంది అప్పుడు నేరుగా వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) షాపుకు పోతారు. అది మొదట కాదు, అన్నీ అయ్యాక చివర్లో చేయించాల్సిన పని. వంగిన భాగాన్ని అలాగే ఉంచి అలైన్‌మెంట్ చేయిస్తే స్టీరింగ్ నిటారుగా కనిపిస్తుంది, లోపం మాత్రం లోపలే ఉండిపోతుంది. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: గొలుసు ఎక్కడ కట్టారు, లాగేటప్పుడు ఏ చక్రాలు నేల మీద తిరిగాయి. ఆ సమయంలో ఎవరైనా ఫోన్లో వీడియో తీసి ఉంటే మెకానిక్‌కు చూపించండి. లేకపోతే బండిని లిఫ్ట్ మీద పెట్టించి టార్చి వేసి చూడండి. గొలుసు ఒరుసుకున్న చోట పెయింటు లేచిపోయి లోహం మెరుస్తూ ఉంటుంది. రెండు రోజులు ఆగితే అక్కడ తుప్పు పట్టి పాత గీతలా కనిపిస్తుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ఇంకో మాట. నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చి ఇంజన్ ఆగిపోయి ఉంటే దాన్ని స్టార్ట్ చేసి చూడకండి, గేర్లో వేసి లాగించకండి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ ఎంత నొక్కినా అవి కుదించుకుపోవు, పిస్టన్‌ను నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలాంటి బండి ఫ్లాట్‌బెడ్ (కారును మొత్తంగా ఎక్కించుకునే లారీ) మీద షెడ్డుకు పోవాల్సిందే.

60 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

ఇక్కడ భయపడక్కర్లేదు, నూటికి ఎక్కువ పాళ్లు ఇది రిమ్ లోపల చిక్కుకున్న మట్టి. మనాలి వైపు మంచులో ఇరుక్కున్న కారుకీ ఇదే వణుకు వస్తుంది, కానీ ఆ మంచు కాసేపటికి కరిగిపోతుంది. నల్లరేగడి ఎండితే ఇటుకలా బిగుస్తుంది, దానంతట అది రాలదు. చక్రం విప్పి లోపలి వైపు నీళ్లతో 20 నిమిషాలు నానబెట్టి, చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో తీయండి. ఇనుప సామాను వాడొద్దు. అల్లాయ్ రిమ్ లోపల అంటించిన బ్యాలెన్సింగ్ తూకాలు ఊడిపోతాయి. ప్రెషర్ వాటర్ కొట్టేటప్పుడు జాయింట్ల మీది రబ్బరు బూట్లకు (తొడుగులకు), వైరు కనెక్టర్లకు మరీ దగ్గరగా కొట్టకండి. వేడిగా ఉన్న డిస్కుల మీద అసలే వద్దు.

కడిగాక కూడా వణుకుంటే బ్యాలెన్సింగ్ చేయించండి. మెషిన్ మీద తిరుగుతున్నప్పుడు రిమ్ అంచు అటూ ఇటూ ఊగుతుంటే రిమ్ వంగింది. హైదరాబాద్ చుట్టుపక్కల మట్టి కింద బండరాళ్లు ఉండటం మామూలే, లాగేటప్పుడు వాటికి కొట్టుకుంటుంది. వణుకు ఎప్పుడూ కాకుండా యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వస్తే చూడాల్సింది చక్రాన్ని కాదు, డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తిని చేర్చే కడ్డీ) లోపలి జాయింటును.

స్టీరింగ్ వంకరగా నిలుస్తోంది, బండి ఒక పక్కకు పోతోంది

గొలుసు టై రాడ్‌కో (స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీ), లోయర్ ఆర్మ్‌కో (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే భాగం) కట్టారనడానికి ఇది గట్టి గుర్తు. టై రాడ్ తన పొడవు వెంబడి వచ్చే తోపునూ లాగునూ తట్టుకునేలా చేసిన కడ్డీ. గొలుసు దాన్ని అడ్డంగా గుంజుతుంది, అందుకే అంత తేలిగ్గా వంగుతుంది. చిన్న కార్లలో లోయర్ ఆర్మ్ చాలావరకు రేకు ప్రెస్ చేసి తయారుచేసినదే, గొలుసు కొక్కెం పడిన అంచు దగ్గర మడత పడుతుంది.

ఇంట్లోనే ఒక టేపుతో తేల్చుకోవచ్చు. చదునైన చోట స్టీరింగ్ నిటారుగా పెట్టి బండిని రెండు మీటర్లు ముందుకు తోయండి, వెనక్కి తేవద్దు. ముందు టైర్ల రెండింటిలో ఒకే గాడిని గుర్తు పెట్టుకుని, టైర్ల ముందు అంచు దగ్గర ఈ గాడి నుంచి ఆ గాడికి దూరం కొలవండి. తర్వాత టైర్ల వెనక అంచు దగ్గర, నేల నుంచి అంతే ఎత్తులో, మళ్లీ కొలవండి. మామూలుగా ఈ రెండింటి తేడా 3 మి.మీ. లోపు ఉంటుంది. 5, 6 మి.మీ. దాటితే ఏదో వంగింది. ఆ తర్వాత ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు పక్కలా కొలవండి. ఒక పక్క 5 మి.మీ.కు మించి తేడా ఉంటే లోయర్ ఆర్మ్‌నో, అది బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్‌నో అనుమానించాలి.

వంగిన టై రాడ్, లోయర్ ఆర్మ్ మార్చాల్సిందే. గ్యాస్ మంటతో కాల్చి సుత్తితో సరిచేస్తామనే వాళ్లు దొరుకుతారు. స్టీరింగుకు సంబంధించిన ఏ భాగానికీ ఆ పని ఒప్పుకోకండి. కాల్చిన ఉక్కు బలం పోతుంది, తర్వాత ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. కంపెనీ పార్టు, మంచి బ్రాండు పార్టు రెండూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. కొనేటప్పుడు మోడల్ పేరు చెప్తే సరిపోదు, ఛాసిస్ నంబర్ ఇవ్వండి. ఒకే మోడల్లో సంవత్సరాన్ని బట్టి బుష్ (జాయింటులోని రబ్బరు తొడుగు) కొలతలు మారుతుంటాయి.

పార్టు మార్చాక అలైన్‌మెంట్. ముందు, తర్వాత రీడింగుల ప్రింటు అడిగి తీసుకోండి. మన రోడ్ల మీది చాలా కార్లలో ముందు చక్రాలకు సరిచేయడానికి వీలున్నది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే, క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వంగి ఉండటం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం) కంపెనీలో కుదిర్చినట్టే ఉండాలి. ప్రింటులో ఆ రెండింట్లో ఏదైనా ఎర్రగా వస్తే ఇంకా వంగినది ఏదో మిగిలుందని అర్థం. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే స్తంభం) బోల్టు రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి రీడింగు పచ్చగా తెప్పించడం మరమ్మతు కాదు.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే పక్కకు గుంజితే ఇవేవీ కాదు, బ్రేకుల సంగతి చూడండి.

తిప్పినప్పుడు టకటక, గేరు వేయగానే దబ్బుమనే శబ్దం

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిచ్చినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు దెబ్బతింది. రిమ్ లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటుంది, రబ్బరు బూటు చిరిగి ఉంటుంది. చిరిగినా ఇంకా శబ్దం మొదలవకపోతే అదృష్టమే: జాయింటు విప్పి శుభ్రంగా కడిగి, కొత్త బూటు కిట్, కొత్త గ్రీజు వేస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక ఎంత గ్రీజు వేసినా లాభం లేదు, జాయింటు మార్చాలి.

గేరు వేయగానే దబ్బుమంటే ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) చూడండి. బురదలో ఊరికే తిరుగుతున్న చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికితే ఆ కుదుపంతా మౌంట్ల రబ్బరు మీదే పడుతుంది. బానెట్ తెరిచి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి గేరు అటూ ఇటూ మార్చి లోడు ఇస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి చూడాలి, బండికి ఎదురుగా నిలబడకూడదు. ఇంజన్ ఎగిరిపడినట్టు కదిలితే మౌంటు పోయింది.

గీరుతున్న శబ్దం

డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య గులకరాయి, లేదా ఊడి వేలాడుతున్న ఇంజన్ కింది ప్లాస్టిక్ షీటు. రాయి ఉంటే రేకును కాస్త వెనక్కి వంచితే పడిపోతుంది. షీటుకు క్లిప్పులు కొత్తవి వేయండి, తీగతో కట్టొద్దు.

ఒక చక్రం వేడెక్కుతోంది, మైలేజీ పడిపోయింది

వెనక డ్రమ్ముల్లో మట్టి చేరింది, లేదా హ్యాండ్ బ్రేక్ వేసి ఉండగానే లాగారు. బ్రేకులు పెద్దగా వాడకుండా 5 కి.మీ. నడిపి, ఆపి, ఒక్కో రిమ్ దగ్గరగా చెయ్యి పెట్టండి, తాకొద్దు. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ డ్రమ్ము విప్పి కడిగి, లైనర్లు, వీల్ సిలిండర్ లీకు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూడాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు పడి ఉన్న బండిని తారు రోడ్డు మీద ఈడ్చి ఉంటే టైరు ఒకచోట అరిగి చదునవుతుంది. వేగం పెరిగేకొద్దీ త్వరత్వరగా దడదడమంటుంది. ఆ టైరు మార్చడమే.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలిగితే హబ్ దగ్గర సెన్సర్‌కు మట్టి అంటిందేమో, దాని వైరు గొలుసుకు తగిలి తెగిందేమో ముందు చూడండి. మాడ్యూల్ మార్చాలని ఎవరైనా అంటే, స్కానర్లో ఏ చక్రం కోడ్ వచ్చిందో చూపించమనండి.

ఆటోమేటిక్: డి వేశాక ఆలస్యంగా కదలడం, ఆర్‌పీఎం పెరిగినా వేగం రాకపోవడం

అన్నిటికంటే ఖరీదైనది ఇదే. మామూలు ఆటోమేటిక్‌లోనూ సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్)లోనూ గేర్‌బాక్స్ ఆయిల్ పంపును తిప్పేది ఇంజన్. ఇంజన్ ఆగి, ముందు చక్రాలు నేల మీద తిరుగుతుంటే లోపలి షాఫ్టులు తిరుగుతాయి కానీ వాటికి ఆయిల్ అందదు. న్యూట్రల్‌లో పెట్టాం కదా అనుకోవద్దు, న్యూట్రల్ పంపును తిప్పదు. బురదలోంచి పది మీటర్లు లాగినందుకు గేర్‌బాక్స్ పాడవదు. అక్కడి నుంచి తాడు కట్టి షెడ్డు దాకా కిలోమీటర్లు లాక్కొచ్చినప్పుడు పాడవుతుంది. ఇరుక్కుపోయి పావుగంట సేపు చక్రాలు గిర్రున తిప్పినా ఆయిల్ అతిగా వేడెక్కుతుంది.

లక్షణం కనిపిస్తే ఇక నడపకండి. చాలా కొత్త కార్లలో డిప్‌స్టిక్ ఉండదు, కింది ప్లగ్గు తీసి, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు దెబ్బతిన్నట్టే. పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి. సీవీటీకి దాని ఆయిలే పోయాలి, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారిపోతుంది. ఏఎంటీ (క్లచ్, గేర్లు తానే మార్చుకునే రకం) లోపల మాన్యువల్ గేర్‌బాక్సే కాబట్టి ఈ ప్రమాదం లేదు. గేర్లు సరిగా పడకపోతే క్లచ్ యాక్చుయేటర్‌ను (క్లచ్‌ను నడిపే పరికరం) స్కానర్‌తో మళ్లీ సెట్ చేయించండి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ముందు భాగం ఒక్కటే ఎత్తి లాగి ఉంటే వెనక కప్లింగ్ (వెనక చక్రాలకు శక్తిని కలిపే భాగం) చూపించాలి. ఎలక్ట్రిక్ కారు డ్రైవ్ చక్రాలు నేల మీద తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, దీపాలు వెలిగితే నారింజ రంగు (హై వోల్టేజీ) కేబుళ్ల జోలికి పోకుండా కంపెనీ వర్క్‌షాపుకే పంపండి.

మాన్యువల్ బండిలో క్లచ్ పరీక్ష తేలిక. నాలుగో గేర్లో 40 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది.

ఏసీ చల్లదనం తగ్గింది, కింద చుక్కలు, ఆయిల్ దీపం

గొలుసు బంపర్ వెనక రేడియేటర్ పట్టీకి కట్టి ఉంటే కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ను చల్లార్చే భాగం), రేడియేటర్ రెండూ నలుగుతాయి. బానెట్ రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టె) సొట్ట పడితే లీకు లేదని వదిలేయకండి. లోపల ఆయిల్ పీల్చే జాలీకి, సంప్ అడుగుకు మధ్య ఖాళీ తక్కువే. సొట్ట ఆ ఖాళీని మూసేస్తే ఆయిల్ నిండుగా ఉన్నా ఇంజన్‌కు అందదు. ఎర్ర దీపం వెలిగిన క్షణమే ఇంజన్ ఆపేయండి.

బీమా క్లెయిమ్ పెట్టదలిస్తే ఇవేవీ విప్పక ముందే కంపెనీకి తెలియజేయండి. ఫొటోలు తీసుకోండి, సర్వేయర్ చూసేదాకా పాత పార్టులు పారేయనివ్వకండి. చక్రాలు విప్పి బిగించిన బండికి 100 కి.మీ. తిరిగాక వీల్ నట్లు ఒకసారి టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం బిగించి చూసుకోండి.