కరేబియన్ క్రూజ్‌లో డబ్బు చిక్కులు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

అమెరికాలో ఉండే మనవాళ్ళు మయామీ నుంచో, ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచో కరేబియన్ క్రూజ్ ఎక్కడం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా వెంట తీసుకెళ్ళడం ఇప్పుడు మామూలే. టికెట్ దగ్గర పది సైట్లు తిరగేసి రేట్లు పోలుస్తారు గానీ, ఓడ ఎక్కాక డబ్బు ఎలా నడుస్తుందో ముందుగా చూసుకునేవాళ్ళు తక్కువ. అక్కడ డబ్బు నష్టపోయేది ఎక్కువగా దొంగల వల్ల కాదు, "ఏ డాలర్?" అని అడగకపోవడం వల్ల, చేతిలో చిన్న నోట్లు లేకపోవడం వల్ల. అందుకే ఎదురయ్యే సమస్యను బట్టి రాస్తున్నాను, మీకు కావలసింది చూసుకోండి.

ఓడలో పెద్దగా ఖర్చే పెట్టలేదు, బ్యాంక్ ఖాతాలో మాత్రం డబ్బు తగ్గిపోయింది

ఓడ మీద క్యాష్ నడవదు. కాఫీ అయినా ఫొటో అయినా గది కార్డ్ చూపిస్తే మీ ఖాతాలో రాసుకుంటారు. ఆ ఖాతాకి ఎక్కేరోజు మీరిచ్చిన కార్డ్ ముడిపడి ఉంటుంది. డెబిట్ కార్డ్ ఇచ్చారనుకోండి, ఓడ కంపెనీ ఖర్చుల కోసం ముందే కొంత మొత్తాన్ని హోల్డ్‌లో పెడుతుంది, ఖర్చు పెరిగేకొద్దీ ఇంకా పెడుతుంది. అది మీ డబ్బే, కానీ మీకు అందదు. దిగిపోయాక కూడా ఆ హోల్డ్ పోవడానికి రోజులు పడుతుంది, ఈలోగా ఇంటద్దె కట్టాల్సి వస్తే ఉత్త టెన్షన్.

క్రెడిట్ కార్డ్ ఇవ్వండి, అంతే. క్రెడిట్ కార్డ్ లేనివాళ్ళు రిసెప్షన్‌లో క్యాష్ డిపాజిట్ కట్టవచ్చు. అది అయిపోతే గది కార్డ్ పనిచేయదు, మళ్ళీ కట్టాలి. మిగిలిన డిపాజిట్ ఎప్పుడు, ఎలా తిరిగిస్తారో కట్టేటప్పుడే అడిగి పెట్టుకోండి.

రోజువారీ టిప్స్ కూడా చాలా కంపెనీల్లో ఈ ఖాతాలోనే తలకింత అని పడిపోతాయి. బార్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ ముందే కలిపేసి, కింద "అదనపు టిప్" అని మళ్ళీ ఒక ఖాళీ గీత ఉంటుంది. అక్కడ రాస్తే రెండోసారి ఇచ్చినట్టే. మనసుకి నచ్చి ఇస్తే వేరే సంగతి, తెలియక ఇవ్వకండి. బిల్లు రోజూ యాప్‌లో గానీ గదిలోని టీవీలో గానీ చూసుకోండి. చివరి రాత్రి తప్పు కనిపిస్తే రిసెప్షన్ దగ్గర లైను చూసి నీరసం వస్తుంది.

చెప్పిన ధర ఒకటి, కట్టాల్సి వచ్చింది ఇంకొకటి

అసలు చిక్కు ఇదే. డాలర్ గుర్తు కనిపించగానే అమెరికన్ డాలర్ అనుకుంటాం. ఆంటిగ్వా, సెయింట్ లూసియా, సెయింట్ కిట్స్, గ్రెనడా, డొమినికా లాంటి దీవుల్లో నడిచేది ఈస్టర్న్ కరేబియన్ డాలర్, అక్కడ అందరూ "ఈసీ" అంటారు. 1976 నుంచీ ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈసీ అని స్థిరంగా కట్టేసిన రేటు అది. అంటే బోర్డు మీద 27 అని ఉన్న చేపల భోజనం నిజానికి పది అమెరికన్ డాలర్లే. మీరు ఏమీ అడగకుండా 27 అమెరికన్ డాలర్లు తీసిస్తే, ప్రతి దుకాణదారూ ఆపి "ఇది ఎక్కువండీ" అని చెబుతాడని నమ్ముకోలేం.

బార్బడోస్‌లో రెండు స్థానిక డాలర్లు ఒక అమెరికన్ డాలర్. బెలీజ్‌లోనూ అంతే. బహామాస్‌లో ఒకటికి ఒకటి, కాబట్టి లెక్క గొడవ లేదు. జమైకాలో ఒక అమెరికన్ డాలర్‌కి నూట యాభైకి పైగా జమైకన్ డాలర్లు వస్తాయి. మెక్సికోలోని కోజుమెల్‌లో పెసోకీ అదే గుర్తు వాడతారు, మెనూలో 180 అని చూసి గుండె జారిపోనక్కర్లేదు, అవి పెసోలు. గ్రాండ్ కేమన్‌లో మాత్రం వ్యవహారం తిరగబడుతుంది, అక్కడి డాలర్ అమెరికన్ డాలర్ కంటే బరువు. దుకాణాల్లో మీ ఒక్క డాలర్‌ని మామూలుగా 80 కేమన్ సెంట్లకి లెక్కగడతారు, అంటే మెనూలో 20 ఉంటే మీరు ఇచ్చేది 25. "ఇరవయ్యేగా" అని కూర్చున్న నలుగురి కుటుంబానికి బిల్లు వచ్చేసరికి తేడా బాగానే తెలుస్తుంది.

ట్యాక్సీ ఎక్కేముందు, బండి కదలకముందే, మూడు విషయాలు తేల్చుకోండి: అమెరికన్ డాలరా స్థానికమా, మనిషికా మొత్తం బండికా, ఒకవైపేనా రానూపోనూనా. ఇందులో రెండోది చాలామంది వదిలేస్తారు. కరేబియన్‌లో చాలా చోట్ల ట్యాక్సీ రేటు తలకి ఇంత అని ఉంటుంది, సెయింట్ థామస్‌లో ప్రభుత్వం ప్రకటించే రేట్లు కూడా మనిషి లెక్కనే. పన్నెండు డాలర్లు అంటే బండికి అనుకుని ఆరుగురు ఎక్కితే, దిగేటప్పుడు వాదించి లాభం లేదు, డ్రైవర్ తప్పేం లేదు. చెప్పిన మాట ఫోన్‌లో అంకెగా కొట్టి చూపిస్తే యాస వల్ల వచ్చే గందరగోళం కూడా పోతుంది.

ఇరవై ఇచ్చాను, చేతిలో ఏవో రంగు నోట్లు పెట్టాడు

అమెరికన్ డాలర్లు తీసుకుంటారు గానీ చిల్లర స్థానిక డబ్బులో ఇస్తారు. ఓడ సాయంత్రానికి వెళ్ళిపోతుంది, మర్నాడు దీవి వేరు, డబ్బు వేరు. పైగా ఈసీ నడిచే దీవుల్లో ధరను మార్చేటప్పుడు దుకాణాలు 2.70 బదులు 2.60 దగ్గర లెక్కగట్టుకోవడం మామూలే.

ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లు దండిగా పట్టుకెళ్ళడమే దీనికి మందు. ఓడ ఎక్కకముందే మీ బ్యాంక్ కౌంటర్‌లో తీసుకోండి. ఓడ రిసెప్షన్‌లో మార్చి ఇస్తారు గానీ, పోర్ట్ రోజు పొద్దున అందరూ చిన్న నోట్ల కోసమే వస్తారు, అయిపోతాయి. కొనేముందే "చిల్లర అమెరికన్ డాలర్లలో ఇస్తారా?" అని అడగండి. సింట్ మార్టెన్ డచ్ వైపు ఇంకో జాగ్రత్త ఉంది. 2025 మార్చి 31న అక్కడ కరేబియన్ గిల్డర్ అనే కొత్త డబ్బు వచ్చింది, పాత గిల్డర్ నోట్లు దుకాణాల్లో చెల్లవు. చిల్లరగా పాతవి చేతిలో పెడితే తిరిగిచ్చేయండి. అదే దీవిలో ఫ్రెంచ్ వైపు వెళితే యూరో. అక్కడ కొన్ని రెస్టారెంట్లు క్యాష్ ఇస్తే ఒక యూరోకి ఒక డాలర్ లెక్కన తీసుకుంటాయి, అడిగితే పోయేదేం లేదు, మిగిలితే మీకే లాభం.

నోటు వెనక్కి ఇచ్చేశాడు

చిరిగింది, టేపు వేసింది, పెన్నుతో రాసింది అయితే తీసుకోరు, తమ బ్యాంక్‌లో చెల్లుతుందో లేదోనని భయం. వంద నోటు ఒడ్డున కొబ్బరిబోండాలు అమ్మే మనిషికి ఇచ్చి చిల్లర అడగడం మనకే మర్యాద కాదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర సాధారణంగా వందలే ఉంటాయి, వాటిని అమెరికాలోనే మార్పించేయండి. రూపాయలు మాత్రం ఈ దీవుల్లో మారుతాయని ఆశ పెట్టుకోకండి.

కార్డ్ గీకితే అనుకున్నదానికంటే ఎక్కువ పడింది

మెషీన్ తెర మీద రెండు అంకెలు వస్తాయి, ఒకటి పెసోల్లో, ఇంకొకటి డాలర్లలో, ఇండియా కార్డ్ అయితే రూపాయల్లో. తెలిసిన అంకె కనిపించగానే అదే నొక్కుతాం. అది నొక్కితే మారకం రేటు మీ బ్యాంక్‌ది కాదు, ఆ మెషీన్ నడిపేవాళ్ళది, అందులో వాళ్ళ లాభం కలిపి ఉంటుంది. ఎప్పుడూ స్థానిక డబ్బే ఎంచుకోండి. ఏటీఎంలో కూడా "మా రేటుకి మార్చమంటారా" అని అడిగితే వద్దనే నొక్కండి, డబ్బు ఎలాగూ వస్తుంది. దుకాణంలో మెషీన్ మీ చేతికి ఇవ్వకుండా వాళ్ళే నొక్కేస్తుంటే ఆపి, తెర చూపించమనండి. ఇక విదేశీ లావాదేవీకి ఫీజు లేని కార్డ్ ఒకటి అమెరికాలో ఉన్నవాళ్ళకి తేలిగ్గానే దొరుకుతుంది, లేకపోతే మూడు శాతం దాకా పోతుంది.

కార్డ్ అసలు పనిచేయలేదు

ఇవాళ ఆంటిగ్వా, రేపు బార్బడోస్ అని కార్డ్ దేశాలు మారుతుంటే బ్యాంక్‌కి అనుమానం వచ్చి ఆపేస్తుంది, "ఇది మీరేనా" అని మెసేజ్ పంపుతుంది, మీకేమో నడిసముద్రంలో సిగ్నల్ లేదు. బయల్దేరే ముందే యాప్‌లో ప్రయాణం గురించి చెప్పే వీలుంటే చెప్పండి. ఒకే బ్యాంక్‌వి కాకుండా రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు ఉంచుకుని, ఒడ్డుకి ఒకటే తీసుకెళ్ళి రెండోది గది లాకర్‌లో పెట్టండి.

అమ్మానాన్నల ఇండియా కార్డులకి కారణం వేరు. 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులకి విదేశీ లావాదేవీలు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి, మనమే ఆన్ చేసుకోవాలి. అది ఇండియాలో ఉండగానే చేయించండి, ఎందుకంటే దానికీ ఓటీపీ కావాలంటే ఆ సిమ్‌కి రోమింగ్ ఉండాలి. దుకాణంలో చిప్ పెట్టి పిన్ కొడితే సాధారణంగా ఓటీపీ అడగదు, ఆన్‌లైన్‌లో టూర్ బుక్ చేస్తే మాత్రం అడుగుతుంది. అలాంటివి మీ కార్డ్‌తో మీరే ముందుగా కట్టేస్తే నాన్నగారికి ఆ హైరానా ఉండదు.

పోర్ట్‌లో క్యాష్ అయిపోయింది

ఓడలోని ఏటీఎంకి ఫీజు ఎక్కువ, ఇచ్చేది డాలర్లే. ఒడ్డున అయితే పోర్ట్ గేటు పక్కన ఒంటరిగా నిలబెట్టిన మెషీన్ వదిలేసి ఊళ్ళో బ్యాంక్ శాఖకి ఆనుకుని ఉన్న ఏటీఎంకి వెళ్ళండి, కార్డ్ మింగేసినా లోపలికెళ్ళి అడగడానికి మనిషి ఉంటాడు. పొద్దున్నే తీసుకోండి, గ్రాండ్ కేమన్‌లో లాగా చిన్న పడవల మీద ఒడ్డుకి చేర్చే చోట అయితే ఇంకా త్వరగా, చివరి పడవ మీ కోసం ఆగదు.

చివర్లో వేరే డబ్బు మిగిలిపోయింది

నాణేలు అమెరికాలో ఎవరూ మార్చరు, కాబట్టి దీవి వదిలేలోపే నీళ్ళ సీసాకో ట్యాక్సీ టిప్‌కో వాడేయండి. నోట్లైతే ఆఖరి దుకాణంలో వాటిని ముందు ఇచ్చి మిగతాది కార్డ్‌తో కట్టవచ్చు. అమ్మానాన్నలు ఇండియా వెళ్ళేటప్పుడు డాలర్లు మిగిలితే 2,000 డాలర్ల విలువ దాకా నోట్లు తమ దగ్గరే ఉంచుకోవచ్చు, అంతకు మించినవి తిరిగెళ్ళిన 180 రోజుల్లో బ్యాంక్‌లో గానీ అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గర గానీ ఇచ్చేయాలి.