మెడికల్ చదువు, ఇద్దరి పేరా లోన్లు: హైదరాబాద్‌లో భార్యాభర్తలు ఏడాది పొడవునా ఇల్లు ఎలా నడపాలి?

మేమిద్దరం మెడికోలం. పెళ్ళయ్యేసరికి నేను ఎంబీబీఎస్ సెకండ్ ఇయర్, మా ఆయన వేరే కాలేజీలో థర్డ్ ఇయర్. ఇద్దరి పేరు మీదా ఎడ్యుకేషన్ లోన్లు ఉన్నాయి, ఇద్దరికీ రూపాయి సంపాదన లేదు. పద్మారావునగర్‌లో ఒక బిల్డింగ్ పైన పెంట్‌హౌస్ అద్దెకి తీసుకున్నాం. ఆగస్టులో ఇద్దరి లోన్లలో ఇంటి ఖర్చు, పుస్తకాల కింద 3 లక్షలు అకౌంట్లలో పడ్డాయి. ఒక్కసారి అంత డబ్బు చూసేసరికి మంచం, ఫ్రిజ్, కూలర్, చూడటానికి వచ్చిన చుట్టాలకి బయట భోజనాలు, ఇలా దసరా నాటికి లక్షా 70 వేలు అయిపోయింది. మళ్ళీ డబ్బు పడేది వచ్చే ఆగస్టులోనే. ఆ ఏడాది చివరి నాలుగు నెలలు నా గాజులు తాకట్టు పెట్టి గట్టెక్కాం.

తర్వాత కూర్చుని లెక్క చూస్తే వచ్చిన డబ్బు మరీ తక్కువేం కాదు, ఒకేసారి వచ్చి పడటమే మా కొంప ముంచింది. జీతం తీసుకునేవాళ్ళకి ఒకటో తారీఖు ఉంటుంది, లోన్ మీద చదివేవాళ్ళకి ఉండదు, దాన్ని మనమే పెట్టుకోవాలి. రెండో ఏడాది నుంచి మేం ఎలా చేశామో వరసగా రాస్తున్నాను.

1. ముందు శాంక్షన్ లెటర్ ఇద్దరూ కలిసి చదవండి

శాంక్షన్ లెటర్ అంటే ఏ షరతుల మీద ఎంత లోన్ ఇస్తున్నారో బ్యాంకు రాసిచ్చే కాగితం. మా ఇద్దరి లెటర్లూ మా నాన్నల బీరువాల్లో ఉండేవి. పెళ్ళయ్యాక కూడా ఏడాది దాకా మేం వాటిని తెరిచి చూడలేదు, అసలు తప్పు అక్కడే జరిగింది. కాలేజీ ఫీజుని బ్యాంకు నేరుగా కాలేజీకే కడుతుంది. పుస్తకాలు, పరికరాలు, కంప్యూటర్, పరీక్ష ఫీజులు, హాస్టల్ ఖర్చు కూడా లోన్ పరిధిలోకి వస్తాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హాస్టల్లో కాకుండా బయట ఉంటే, ఆ అద్దె, భోజనం ఖర్చుని కూడా న్యాయమైన మేరకు లెక్కలోకి తీసుకోవచ్చని బ్యాంకుల మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్‌లోనే ఉంది. దానికి కాగితాలు కావాలి, అంటే రెంటల్ అగ్రిమెంటు, అద్దె రసీదులు, పుస్తకాల బిల్లులు. ఇల్లు తీసుకున్న రోజే ఓనర్‌ని అడిగి 11 నెలల అగ్రిమెంటు రాయించుకోండి.

ఇక వడ్డీ సంగతి. కోర్సు నడిచినన్నాళ్ళూ, ఆపైన ఇంకో ఏడాదీ ఈఎంఐ కట్టక్కర్లేదు కదా అని నిశ్చింతగా ఉంటాం. ఈఎంఐ లేకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ కాలంలో బారువడ్డీ వేసి, ఈఎంఐ మొదలయ్యేటప్పుడు అసలుకి కలుపుతారు. ఒక్క లెక్క చూడండి. ఏటా రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్ళు, మొత్తం 10 లక్షలు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో (చివర్లో ఆసుపత్రిలో చేసే ఏడాది శిక్షణ) కలిపి ఐదున్నరేళ్ళు, ఆపైన ఏడాది. మొదటి ఏడాది తీసుకున్న దానికి ఆరున్నరేళ్ళ వడ్డీ, రెండో దానికి ఐదున్నరేళ్ళది, మూడో దానికి నాలుగున్నరేళ్ళది, నాలుగో దానికి మూడున్నరేళ్ళది. అన్నీ కలిపితే వడ్డీయే 5 లక్షలు. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకి మీ బాకీ 15 లక్షలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 19,800 కట్టాలి. 10 లక్షలే ఉంటే 13,200 దాకా అయ్యేది.

మా ఆయన ఈ లెక్క క్యాలెండర్ వెనక రాసి చూపించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ లెక్కలోంచే రెండు పనులు తేలాయి. ఒకటి, డబ్బు ఎంత కావాలో అంతే, ఎప్పుడు కావాలో అప్పుడే తీసుకోవడం. శాంక్షన్ అయినంత మాత్రాన వడ్డీ పడదు, తీసుకున్న దానికే పడుతుంది. అందుకని ఇంటి ఖర్చు భాగాన్ని ఆరు నెలలకోసారి రెండు విడతలుగా ఇమ్మని బ్రాంచి మేనేజర్‌ని రాతపూర్వకంగా అడగండి. రెండోది, చదువుతుండగానే వడ్డీ కట్టేస్తే కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో 1 శాతం దాకా తగ్గిస్తాయి. మీ లెటర్లో ఆ మాట ఉందేమో చూడండి. ఉన్నా లేకపోయినా, నెలకి 500 కట్టగలిగినా మంచిదే, తర్వాత అసలులో కలిసేది అంత మేరకు తగ్గుతుంది.

ఇంట్లో ఎవరైనా మీ లోన్ వడ్డీ కడుతుంటే, వాళ్ళు పాత పన్ను విధానంలో ఉంటే, ఆదాయపు పన్నులో ఆ వడ్డీకి మినహాయింపు వస్తుంది. తల్లిదండ్రులు కట్టినా, భర్తో భార్యో కట్టినా లోన్ వాళ్ళ పేరు మీద కూడా ఉండాలి. అసలుకి రాదు.

2. ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని ముందే పక్కన పెట్టి, మిగిలింది 12తో భాగించండి

చాలామంది నేరుగా నెల లెక్క వేస్తారు, యూనివర్సిటీ పరీక్ష ఫీజు నోటిఫికేషన్ రాగానే ఆ నెల తలకిందులవుతుంది. మేం రెండో ఏడాది చేసింది ఇదీ. 3 లక్షల్లోంచి పరీక్ష ఫీజులు, పుస్తకాలు, బండి ఇన్సూరెన్సు, పండగలకి ఊరికి రానుపోను, పెళ్ళిళ్ళ చదివింపులు, అనుకోని జబ్బులకి కొంత, అన్నీ కలిపి 48,000 తీసి వేరే ఖాతాలో వేశాం. మిగిలింది 2,52,000. నెలకి 21,000.

ఆ 21,000 ఇలా పోయేది: అద్దె, నీళ్ళు, కరెంటు కలిపి 10,000. తిండికి 6,500. పెట్రోలు, బస్సులకి 1,500. ఫోన్ రీఛార్జీలకి 700. గ్యాస్ సిలిండర్ మాకు దాదాపు రెండు నెలలొచ్చేది కాబట్టి నెలకి 500 చొప్పున పక్కన పెట్టేవాళ్ళం. మిగిలిన 1,800 సబ్బుల దగ్గర్నుంచి సినిమా దాకా అన్నిటికీ. మీ అంకెలు వేరుగా ఉంటాయి, క్రమం మాత్రం ఇదే పెట్టుకోండి.

3. మీకు మీరే జీతం వేసుకోండి

లోన్ డబ్బు పడే ఖాతాకి యూపీఐ లింకు తీసేయండి. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది నాకు ఇదే. ఇంకో ఖాతా తీసి, దానికి మాత్రమే ఫోన్‌పే, గూగుల్‌పే పెట్టుకోండి. ప్రతి నెలా ఒకటో తేదీన మొదటి ఖాతాలోంచి రెండో దాంట్లోకి 21,000 దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఇరవయ్యో తేదీకి బ్యాలెన్స్ 900 కనపడితే ఒకలా ఖర్చుపెడతాం, లక్షా 40 వేలు కనపడితే ఇంకోలా ఖర్చుపెడతాం. మనిషి స్వభావం అది, దాంతో పోట్లాడటం కంటే ఆ అంకె కంటికి కనపడకుండా చేసుకోవడం తేలిక.

4. ఇల్లు

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు. గాంధీ మెడికల్ కాలేజీలో చదివేవాళ్ళకి పద్మారావునగర్, చిలకలగూడ, వారాసిగూడ. ఉస్మానియా మెడికల్ కాలేజీ వాళ్ళకి కాచిగూడ, బర్కత్‌పురా, నారాయణగూడ దగ్గర. దూరంగా తక్కువ అద్దెకి తీసుకుంటే నైట్ డ్యూటీ అయ్యాక ఆటోకి పెట్టేది ఆ తేడాని తినేస్తుంది.

పెంట్‌హౌస్ అద్దె తక్కువని మేం ఎగబడ్డాం. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతూ ఉండేది. పరుపు మీద తడి దుప్పటి పరిచి పడుకునేవాళ్ళం, పరీక్షల ముందు నెలరోజులు పుస్తకాలు పట్టుకుని లైబ్రరీలోనే ఉండిపోయేవాళ్ళం. అందుకని ఇల్లు చూడటానికి పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకరు డబ్బు ఎవరిస్తారో అడగండి. కరెంటుకి విడి మీటరు ఉందా, లేక సబ్ మీటరు పెట్టి ఓనర్ తన రేటు తీసుకుంటాడా అన్నది కూడా. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే, విడి మీటరు ఉన్న అద్దె ఇంటికి కూడా నెలకి 200 యూనిట్ల లోపు వాడకానికి గృహజ్యోతి (ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) వర్తిస్తుంది.

5. తిండి, తిరుగుడు

కూరగాయలు వారానికోసారి రైతుబజార్లో. బియ్యం ఊరి నుంచి వచ్చేవి. డ్యూటీ రోజుల్లో బయట కొనుక్కోవడమే ఖర్చంతా, కాబట్టి ఆదివారం రెండు రకాల పచ్చళ్ళు, ఒక పొడి చేసి పెట్టుకుంటే అన్నం వండుకుని బాక్సు పట్టుకుపోవడం పది నిమిషాల పని. ఏదీ కుదరని రోజు జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం తిన్నాం, వేడిగా ఉంటుంది, మొహమాటపడకండి.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. అది వచ్చాక నా ప్రయాణం ఖర్చు దాదాపు పోయింది. మా ఆయన స్టూడెంట్ పాస్ మీద వెళ్ళేవాడు, బండి ఎమర్జెన్సీకే.

6. పుస్తకాలు, పరికరాలు కొత్తవి కొనకండి

ఫస్ట్ ఇయర్‌లో ఎముకల సెట్టు సీనియర్ దగ్గర కొని, ఏడాది చదువుకుని, జూనియర్‌కి అమ్మేయడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. పుస్తకాలకీ అదే చేయండి. కోఠిలో పాత పుస్తకాల షాపులున్నాయి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతాయి, ఎడిషన్ చూసుకుని తీసుకోండి. స్టెతస్కోపు మాత్రం మంచిది కొనండి, అది చాలా ఏళ్ళు వస్తుంది.

7. చుట్టాలు, పెళ్ళిళ్ళు, పండగలు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా మధ్య గొడవలన్నీ అద్దె గురించో కూరగాయల గురించో కాదు, వీటి గురించే. కొత్త దంపతులు కదా, శ్రావణంలో ఒకటి, మాఘంలో రెండు, ఇలా ఏ పెళ్ళికైనా ఇద్దర్నీ రమ్మంటారు. డాక్టర్లు కాబోతున్నారు కాబట్టి చదివింపులు కూడా దానికి తగ్గట్టే ఉండాలని అనుకుంటారు. మాది ఖమ్మం, వాళ్ళది జగిత్యాల, అంటే దసరాకి రెండు ఊళ్ళు, రెండు వైపులా బస్సులు, రెండిళ్ళకీ బట్టలు.

ఒక ఏడాది మా అత్తయ్య చెల్లెలి కూతురి పెళ్ళికి వెయ్యి రూపాయలు చదివిద్దామంటే మా ఆయన ఐదు వేలన్నాడు. వంటగదిలో మూడు రోజులు మాటల్లేవు. చివరికి నోటుబుక్కు తీసి, ఆ ఏడాది రాబోయే పెళ్ళిళ్ళన్నీ రాసి, మొత్తానికి 12,000 అని ఒక అంకె గీసి కింద ఇద్దరం సంతకం పెట్టాం. ఆ 12,000లో ఎవరి వైపు ఎంత అన్నది పంచుకోలేదు, దగ్గరివాళ్ళకి ఎక్కువ, మిగతా వాళ్ళకి 500 అనుకున్నాం. తర్వాత మా ఆయనే మామయ్యగారికి ఫోన్ చేసి, "నాన్నా, ఇది మా డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. చదువయ్యేదాకా ఇంతే ఇవ్వగలం" అని చెప్పాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, పైగా రెండు బస్తాల బియ్యం పంపించారు. ఈ మాట ఎవరి తల్లిదండ్రులకి వాళ్ళే చెప్పాలి. కోడలు అత్తయ్యకి చెబితే అది లెక్కలా వినపడదు.

8. నెలకోసారి అరగంట కూర్చోండి

మేం నెలాఖరు ఆదివారం టీ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎంత మిగిలింది, వచ్చే నెల ఏ ఫీజుంది, ఎవరికి ఏం కొనాలనుంది. ఇద్దరికీ నెలకి చెరో 300 ఉండేది, దాని గురించి ఇంకొకరు అడగకూడదు. పోస్టింగు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రి మాత్రం డబ్బు మాట ఎత్తకండి.

9. డబ్బు చాలకపోతే

ముందు బ్యాంకుకి వెళ్ళండి, మిగిలిన శాంక్షన్ ఉందేమో అడగండి. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంటుకి అర్హత ఉంటే ఈపాస్‌లో (వాటికి అప్లై చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) గడువు దాటనివ్వకండి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, కాలేజీ జాబితాలో ఉంటే, 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో 10 లక్షల దాకా లోన్‌కి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. బంగారం తాకట్టు ఆ తర్వాత. ఫోన్లో నిమిషంలో ఇస్తామనే లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. 2020 చివర్లో మన నగరంలో పోలీసులు ఆ కేసుల్లో వరసగా అరెస్టులు చేసేదాకా వెళ్ళింది వాటి వేధింపు.

10. హౌస్ సర్జన్సీ వచ్చాక

మా ఆయనకి స్టైపెండ్ మొదలైన ఏడాది ఇక కష్టాలు తీరాయనుకున్నాం. మొదటి మూడు నెలలదీ ఒకేసారి నాలుగో నెలలో వచ్చింది. కాబట్టి స్టైపెండ్ చేతికొచ్చేదాకా లేదనుకునే లెక్క వేయండి, కనీసం మూడు నెలల ఖర్చు దాచుకుని హౌస్ సర్జన్సీలోకి వెళ్ళండి.

పీజీ ఖర్చు అప్పుడే మొదలవుతుంది. నీట్ పీజీ ఎంట్రన్స్ పరీక్ష ఫీజు జనరల్ వాళ్ళకి 3,500, అది చిన్నదే. కౌన్సెలింగులో ఆలిండియా కోటాకి జనరల్ వాళ్ళు 25,000, డీమ్డ్ యూనివర్సిటీలకైతే 2 లక్షలు డిపాజిట్ కట్టాలి. సీటు రాకపోతే తిరిగొస్తుంది, కానీ రిజిస్ట్రేషన్ రోజుకి చేతిలో ఉండాల్సిందే. మేం స్టైపెండ్ వచ్చిన నెల నుంచే దానికోసం 4,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టాం, నా గాజులు విడిపించింది మాత్రం ఆ మూడు నెలల బకాయి ఒకేసారి వచ్చిన రోజు.