ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కదా అని నిమ్మళంగా ఉండొద్దు

మా తిరుపతిలో లాడ్జీల బుకింగ్ సర్వర్లు ఒక్కడే కూర్చుని చూసుకునే పిల్లోళ్ళు చానామంది ఉన్నారు, వాళ్ళ కోసమే రాస్తా ఉన్నా.

ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి. దాన్ని నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌ను ముందు అప్‌డేట్ చేయండి. 2024 జులైలో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టిన రెగ్రెష్షన్ లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం) చేతికొచ్చే ప్రమాదం ఉండింది, 2006లో పూడ్చిన కంతే కోడ్ మార్చినప్పుడు మళ్ళీ తెరుచుకునింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో సరిచేశారు, కానీ ఉబుంటు 22.04లో నంబర్ 8.9 అనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు, ఉబుంటు వాళ్ళు పాత నంబర్‌కే ప్యాచ్ వేస్తారు, ప్యాకేజ్ ఛేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చూసుకోండి.

మీ ల్యాప్‌టాప్ కూడా చూడాల. 2023 డిసెంబర్‌లో వచ్చిన టెరాపిన్ దాడికి (దారి మధ్యలో ఉన్నవాడు ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ రక్షణను తగ్గించే దాడి) మందు రెండు వైపులా ఉంటేనే పని చేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కోసం పుట్టీ ప్రోగ్రామ్ వాడేవాళ్ళు 0.81 లేదా ఆ పైది వేసుకోండి, అంతకుముందు దాంట్లో పీ521 రకం కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడేది) వాడుంటే అప్‌డేట్‌తో సరిపోదు, ఆ కీనే సర్వర్‌లో నుంచి తీసేయాల, ఎందుకంటే ఆ కీతో చేసిన డిజిటల్ సంతకాలు 60 దాకా దొరికితే మీ దగ్గరే రహస్యంగా ఉండాల్సిన ప్రైవేట్ కీ లెక్కగట్టేయొచ్చు.

ఇంక అసలు సంగతి పాస్‌వర్డ్ లాగిన్. ఈడీ25519 రకం కీ చేసుకుని, దాంతో లాగిన్ అవుతా ఉందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో పెట్టండి. నేను ఇట్లే మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో నో పెట్టి నెల రోజులు ధైర్యంగా ఉన్నా, తీరా చూస్తే పక్కనున్న కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్‌లో క్లౌడ్ ఇనిట్ (సర్వర్‌ను మొదటిసారి సెటప్ చేసే ప్రోగ్రామ్) పెట్టిన ఫైల్‌లో యెస్ అని ఉంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) ఆ ఫోల్డర్‌నే ముందు చదువుతుంది, ముందు చదివిందే ఖాయం చేసుకుంటుంది కాబట్టి నా నోకి విలువే లేదు! అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ క్యాపిటల్ టీ కమాండ్ కొట్టి నిజంగా ఏది నడస్తా ఉందో చూడండి. రీస్టార్ట్ చేసేటప్పుడు పాత సెషన్ మూయొద్దు, ఇంకో విండోలో లాగిన్ అయ్యాకే మూయండి.

బస్టాండ్ వైఫైలో కూర్చుని కనెక్ట్ అయ్యేటప్పుడు హోస్ట్ కీ (సర్వర్‌ను గుర్తుపట్టే కీ) మారిందని హెచ్చరిక వస్తే నోన్ హోస్ట్స్ ఫైల్‌లో ఆ సర్వర్ లైన్ తీసేసి ముందుకు పోయేవాళ్ళు ఉన్నారు, దయచేసి అట్లా చేయొద్దు. సర్వర్ మీరే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుంటే సరే, లేదంటే హోస్టింగ్ కన్సోల్‌లోకి పోయి ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ మైనస్ ఎల్ కమాండ్‌తో హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీకి గుర్తుగా ఉండే అక్షరాల వరుస) తీసి, మీ స్క్రీన్ మీద ఉన్నదాంతో అక్షరం అక్షరం సరిచూసుకోండి.